నయం కాని జబ్బుతో ఉన్న తల్లిదండ్రుల తరఫున ఆసుపత్రిలో మాట్లాడటం ఎలా?

వ్యాధి ఇక నయం కాదని డాక్టర్లు చెప్పిన తరువాత కూడా అమ్మకో నాన్నకో మనం చేయగలిగింది చాలా ఉంటుంది. ముందుగా, సిబ్బందితో మాట్లాడే బాధ్యతను కుటుంబంలో ఒక్కరికే అప్పగించండి. నలుగురూ నాలుగు రకాలుగా అడిగితే ఎవరికి ఏం చెప్పారో ఎవరికీ తెలియకుండా పోతుంది. ప్రతి కొత్త పరీక్షకూ చికిత్సకూ ముందు, దానివల్ల ఆయుష్షు పెరుగుతుందా, బాధ తగ్గుతుందా అని మొహమాటం లేకుండా అడగండి.

నొప్పి విషయంలో మాత్రం గట్టిగా నిలబడాలి. నొప్పి 0 (అసలు లేదు) నుంచి 10 (భరించలేనంత) వరకు ఏ అంకెలో ఉందో రోగినే అడిగి, సమయంతో సహా రాసుకోండి. "రాత్రి 2 గంటలకు 8, మందు ఇచ్చిన గంట తరువాత కూడా 7" అని చెబితే నర్సు డాక్టరుకు స్పష్టంగా తెలియజేయగలుగుతారు. మాట్లాడలేనివారిలో ముఖం చిట్లించడం, మూలగడం, పక్క మార్చేటప్పుడు బిగుసుకుపోవడం గమనించండి. తీవ్రమైన నొప్పిని తగ్గించే మందు మార్ఫిన్ పేరు వినగానే చాలామంది భయపడతారు, అది సహజమే. కానీ వైద్యుల పర్యవేక్షణలో తగిన మోతాదులో ఇచ్చే మార్ఫిన్ బాధను తగ్గిస్తుందే తప్ప మరణాన్ని తొందరపెట్టదు. దానితో మలబద్ధకం తరచుగా వస్తుంది కనుక విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా మొదటి నుంచే రాయమని అడగండి. నొప్పి, ఇతర బాధలు తగ్గించడానికి ప్రత్యేకంగా పనిచేసే ఉపశమన చికిత్స (పాలియేటివ్ కేర్) విభాగం ఉంటే, చివరి రోజుల వరకు ఆగకుండా ఇప్పుడే వారి సలహా కోరండి.

ఆకలి తగ్గితే బలవంతంగా తినిపించవద్దు. నోరు, పెదవులు తడుపుతూ ఉండండి.

వెంటిలేటర్, సీపీఆర్ (గుండె ఆగితే ఛాతీ నొక్కి బతికించే ప్రయత్నం), గొట్టం ద్వారా ఆహారం కావాలో వద్దో రోగి స్పృహలో ఉండగానే రోగినే అడిగి, ఆ నిర్ణయాన్ని కేస్ షీట్‌లో రాయించి, వార్డు మారినప్పుడల్లా కొత్త సిబ్బందికి మళ్లీ చెప్పండి.