లిఫ్ట్ కిట్ వేయించిన ఎస్‌యూవీతో ఇబ్బంది పడుతున్నారా? బండిని మళ్లీ దారికి తెచ్చుకోవడం ఎలా

పెద్ద ఎస్‌యూవీని రెండంగుళాలు ఎత్తు చేయించిన కొత్తలో అంతా బాగానే ఉంటుంది. ఆ తర్వాత ఒక్కొక్కటిగా బయటపడతాయి. చిన్న గతుకుకే వెన్ను అదిరిపోతుంది. హైవే మీద స్టీరింగు నిలకడగా ఉండదు. మలుపుల్లో బండి పక్కకు ఒరుగుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఎక్కడానికీ దిగడానికీ అవస్థ పడతారు. అప్పుడు కొందరు పెట్టిన డబ్బు గుర్తొచ్చి ఓర్చుకుంటారు, కొందరు విసుగెత్తి మొత్తం పీకించేస్తారు. రెండింటికీ తొందర పడవద్దు. ఈ ఇబ్బందుల్లో చాలావరకు, కిట్‌ను బిగించిన తీరువల్లో, బండికి తగని భాగాలు ఎంచుకోవడంవల్లో వచ్చేవే. వాటిని సరిచేయవచ్చు. ఎత్తు మూలంగానే వచ్చినవి మాత్రం ఎత్తు తగ్గిస్తేనే పోతాయి. ఏది ఏ రకమో తేల్చుకోవడమే అసలు పని.

మొదట కొలతలు తీసుకోండి

బండి ఇబ్బంది పెడుతున్న సందర్భాలను కాగితం మీద రాయండి. "బండి బాగాలేదు" అంటే ఏ మెకానిక్కూ ఏమీ చేయలేడు. ఏ వేగంలో, ఖాళీగా ఉన్నప్పుడా బరువుతో ఉన్నప్పుడా, యాక్సిలరేటర్ తొక్కినప్పుడా వదిలినప్పుడా, బ్రేకు వేసినప్పుడా అన్నది రాస్తే కారణం సగం దొరికినట్టే.

తర్వాత టేపు తీసుకుని, చదునైన నేల మీద నిలిపిన బండికి నాలుగు చక్రాల దగ్గరా ఎత్తు కొలవండి. నేల నుంచి కొలవకండి. చక్రం మధ్య బిందువు నుంచి దాని నేరుగా పైన ఉన్న మడ్గార్డు అంచు వరకు కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు సైజూ, గాలీ లెక్కలోకి వచ్చి సస్పెన్షన్ ఎంత లేచిందో తెలియకుండా పోతుంది. ఇదే మోడల్‌లో లిఫ్ట్ చేయని బండి దొరికితే దానికీ కొలిచి పోల్చండి. యాభై మిల్లీమీటర్లు అని చెప్పి బిగించిన కిట్ ఎనభై లేపిన సందర్భాలు ఉంటాయి. ముఖ్యంగా వెనుక భాగంలో బరువు మోయడానికి తయారైన స్ప్రింగులను ఖాళీ బండికి వేస్తే అలా జరుగుతుంది.

ఎడమకూ కుడికీ తేడా ఉందా అన్నది కూడా చూడండి. కొన్ని కిట్లలో ఎడమ స్ప్రింగు, కుడి స్ప్రింగు వేర్వేరు పొడవుల్లో వస్తాయి, డ్రైవరూ ఇంధన ట్యాంకూ ఒకే పక్క ఉంటే ఆ బరువును సరిచూడటానికి. అవి తారుమారైతే బండి ఒక పక్కకు వాలుతుంది. కేడీఎస్ఎస్ (మలుపుల్లో ఒరుగును ద్రవ ఒత్తిడితో తగ్గించే వ్యవస్థ) ఉన్న టయోటా బండ్లలో సస్పెన్షన్ పని చేసేటప్పుడు ఆ వ్యవస్థలోని రెండు వాల్వులనూ వదులు చేసి, బండి సమతలంగా నిలబడ్డాక మూయాలి. ఆ పని మానేసినా వాలు మిగిలిపోతుంది.

చివరగా అసలు ఏం వేశారో తెలుసుకోండి. బిల్లు మీద "లిఫ్ట్ కిట్" అని మాత్రమే ఉంటే బండి కిందికి చూడాల్సిందే. కొత్త స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ వేశారా, పాత స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఉండే భాగం) పైన స్పేసర్ అనే దిమ్మ పెట్టి వదిలేశారా, బాడీకీ ఛాసిస్‌కీ మధ్య దిమ్మలు పెట్టారా అన్నది ముఖ్యం. ముందు స్ట్రట్ పైన పెట్టే స్పేసర్ తన మందానికి దాదాపు రెట్టింపు ఎత్తు ఇస్తుంది. స్ట్రట్ కింది కొస కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే చేయి) చివర కాకుండా మధ్యలో కూర్చుంటుంది కాబట్టి 25 మి.మీ. దిమ్మ చక్రం దగ్గర 50 మి.మీ. దాకా అవుతుంది. చక్రం వేలాడినప్పుడు ఆర్మ్‌ను చక్రానికి కలిపే బాల్ జాయింటూ, చక్రానికి ఇంజను శక్తిని చేర్చే సీవీ జాయింటూ కంపెనీ అనుకున్న హద్దు దాటి వంగుతాయి. స్పేసర్ ఉన్న బండిలో తారు రోడ్డు మీద కూడా గతుకుల్లో "టక్" అనే శబ్దం వస్తుంటే ముందు ఇక్కడే అనుమానించాలి.

బుష్‌ల బిగింపు: అందరూ మరిచే చోటు

గట్టిగా కొట్టే బండిలో స్ప్రింగుల మీద నింద వేసే ముందు రెండు పనులు చేయండి. మొదటిది టైరు గాలి. పెద్ద టైర్లు వేసినప్పుడు అవసరానికి మించి గాలి కొట్టి పంపడం మామూలే. ఆ టైరు సైజుకూ మీ బండి బరువుకూ తగిన ఒత్తిడి ఎంతో టైరు కంపెనీ పట్టికలో చూసి, ఉదయం టైర్లు చల్లగా ఉన్నప్పుడు సరిచేయండి.

రెండోది కంట్రోల్ ఆర్మ్‌లు ఛాసిస్‌కు కలిసే చోట ఉండే బుష్‌లు. రబ్బరు బుష్ మధ్యలో ఇనుప గొట్టం ఉంటుంది, రబ్బరు దానికి అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగించాక గొట్టం కదలదు. ఆర్మ్ పైకీ కిందికీ ఊగేటప్పుడు రబ్బరు మాత్రమే మెలి తిరుగుతుంది. బండి జాకీ మీద ఉండగా, చక్రాలు గాలిలో వేలాడుతుండగా బోల్టులు బిగిస్తే ఆ వేలాడే స్థితే రబ్బరుకు సహజ స్థితి అయిపోతుంది. బండి నేల మీదికి దిగేసరికే రబ్బరు మెలిక పడి ఉంటుంది. అది అదనపు స్ప్రింగులా పని చేసి బండిని ఎత్తిపెడుతుంది, ప్రయాణాన్ని బిరుసు చేస్తుంది, కొన్ని నెలల్లో చిరిగిపోతుంది.

సరిచేయడం తేలిక. చక్రాల మీద పూర్తి బరువు ఉండేలా బండిని గుంత మీదకో నాలుగు స్తంభాల ర్యాంపు మీదకో ఎక్కించి, చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టించండి. ముందు కింది ఆర్మ్‌లవి, పై ఆర్మ్‌లవి, వెనుక లింకులవి, ఇరుసు పక్కకు జరగకుండా పట్టే పాన్‌హార్డ్ రాడ్‌ది బోల్టులు వదులు చేయించండి. గొట్టం స్వేచ్ఛగా తిరిగేంత వదులైతే చాలు. బంపరు పట్టుకుని బండిని నాలుగైదు సార్లు కిందికి నొక్కి వదలండి. మెలిక విడిపోయేటప్పుడు ఒక్కోసారి కిర్రుమని శబ్దం వినిపిస్తుంది, బండి కొన్ని మిల్లీమీటర్లు దిగుతుంది కూడా. అప్పుడు సర్వీసు పుస్తకంలో రాసిన టార్క్‌కు (బిగింపు బలానికి) టార్క్ రెంచితో బిగించాలి. కింది ఆర్మ్‌లకు అలైన్‌మెంట్ సరిచేసే క్యామ్ బోల్టులు ఉంటే ఈ పనితో అవి కదులుతాయి, అందుకే అలైన్‌మెంట్ దీని తర్వాతే.

ఇంత చేసినా బిరుసు పోకపోతే స్ప్రింగు రేటింగు చూడండి. ఎప్పుడూ రెండు మూడు వందల కిలోల సామాను ఉండే బండికి తయారైన స్ప్రింగు, నలుగురు మనుషులతో తిరిగే బండికి ఎప్పటికీ సుఖం ఇవ్వదు. అదే ఎత్తు ఇచ్చే మెత్తని స్ప్రింగు చాలా కంపెనీల దగ్గర దొరుకుతుంది. షాక్ అబ్జార్బర్లు మాత్రం పొడవు కుదిరినవే ఉండాలి. లేచిన స్ప్రింగుకు పాత పొట్టి షాక్ అబ్జార్బర్ వేసి ఉంటే, చక్రం కిందికి జారినప్పుడల్లా అది చివరికంటా సాగి దెబ్బ కొడుతుంది.

స్టీరింగు నిలకడ

స్టీరింగు తిరిగే అక్షం పై కొస కొద్దిగా వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలును క్యాస్టర్ అంటారు. మలుపు తిరిగాక స్టీరింగు దానంతటదే మధ్యకు రావడానికీ, వేగంలో బండి గీత గీసినట్టు పోవడానికీ అదే ఆధారం. ముందు భాగం లేపితే ఈ వాలు తగ్గుతుంది. హైవే మీద బండి అటూ ఇటూ తిరుగుతున్నట్టు ఉంటే, క్షణక్షణమూ సరిచేయాల్సి వస్తుంటే, తొలి అనుమానం దీని మీదే.

అలైన్‌మెంట్ చేయించి అంకెల కాగితం అడిగి తీసుకోండి. "టో" (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటి సరిచేసి పంపేవాళ్లు ఎక్కువ. క్యాస్టర్, క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం పక్కకు వాలిన కోణం) రెండూ కంపెనీ చెప్పిన హద్దుల్లో ఉన్నాయా, ఎడమా కుడీ సమానంగా ఉన్నాయా చూడాలి. ల్యాండ్ క్రూయిజర్ 200, ప్రాడో 150, ఫార్చ్యూనర్ లాంటి ముందు చక్రాలు విడివిడిగా కదిలే బండ్లలో అంకెలు హద్దులోకి రాకపోతే, సరిచేసుకునే వీలున్న పై కంట్రోల్ ఆర్మ్‌లు వేయాలి. ల్యాండ్ క్రూయిజర్ 80, నిస్సాన్ పెట్రోల్ వై61 లాంటి ముందు కూడా గట్టి ఇరుసు ఉన్న బండ్లలో క్యాస్టర్ సరిచేసే బుష్‌లు ఉంటాయి. వీటిలో ఇంకో సంగతి: బండి లేచినప్పుడు పాన్‌హార్డ్ రాడ్ ఇరుసును ఒక పక్కకు లాగుతుంది. పొడవు మార్చుకునే రాడ్ వేస్తే ఇరుసు నడి మధ్యకు వస్తుంది.

ఒళ్లు పసిగట్టలేని ప్రమాదాలు

ఎగుడుదిగుళ్లు ఒంటికి తెలుస్తాయి. ఇవి తెలియవు, అందుకే వీటిని వాయిదా వేయకూడదు.

హెడ్‌లైట్లు: లో బీమ్ కాంతి పుంజం సాధారణంగా మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున కిందికి దిగేలా అమర్చి ఉంటుంది. 2,800 మి.మీ. వీల్‌బేస్ (ముందు, వెనుక చక్రాల మధ్య దూరం) ఉన్న బండికి ముందు భాగాన్ని మాత్రమే 30 మి.మీ. లేపితే ఆ దిగుడు మొత్తం పోతుంది. 25 మీటర్ల దూరంలో కాంతి దాదాపు 27 సెం.మీ. పైకి పడుతుంది, అంటే ఎదుటివాళ్ల కళ్లలోకి. లైట్లు మళ్లీ గోడ మీద కొలిచి దించాల్సిందే.

బ్రేకులు: కొన్ని బండ్లలో వెనుక ఇరుసుకు ఒక సన్నని కడ్డీతో కలిపిన వాల్వు ఉంటుంది. వెనుక ఎంత బరువు ఉందో ఇరుసుకూ బాడీకీ మధ్య దూరాన్ని బట్టి అది అంచనా వేసి, వెనుక బ్రేకులకు ఒత్తిడి పంపుతుంది. వెనుక భాగం లేపితే బండి ఎప్పుడూ ఖాళీగానే ఉందని దానికి అనిపిస్తుంది, వెనుక బ్రేకుల బలం తగ్గిపోతుంది. కడ్డీ బ్రాకెట్టును లిఫ్ట్‌కు తగినట్టు జరపాలి. అలాగే చక్రాలు పూర్తిగా వేలాడేలా బండిని ఎత్తించి, బ్రేకు గొట్టాలూ ఏబీఎస్ వైర్లూ బిగుసుకుంటున్నాయా అని చేత్తో తడిమి చూడండి. గిటారు తీగలా బిగిసిన బ్రేకు గొట్టంతో బండి నడపకూడదు.

ముందు రాడారూ కెమెరా ఉన్న బండి అయితే వాటి క్యాలిబ్రేషన్ (గురి సరిచూసి అమర్చడం) కూడా చేయించాలి.

ఇక ముందు చక్రాల లోపలి వైపు గ్రీజు చిమ్మినట్టు కనిపిస్తే సీవీ జాయింటును కప్పే రబ్బరు బూటు చిరిగిందన్నమాట. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వణుకు వచ్చి వదిలితే తగ్గుతుంటే, చక్రాల బ్యాలెన్సింగ్‌కు కాకుండా ఇరుసుకు ఇంజను శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు కోణాల వైపు చూడమనండి.

దించాలా, వద్దా?

పైవన్నీ సరిచేశాక కొన్ని రోజులు నడిపి మీ కాగితం మళ్లీ తీయండి. ఇంకా మిగిలినవి ఎత్తువల్ల వచ్చినవి.

బండి బోల్తా పడకుండా నిలిచే గుణాన్ని అంచనా వేయడానికి ఒక సులువైన లెక్క ఉంది. ఎడమ కుడి చక్రాల మధ్య దూరంలో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగించాలి. ఉదాహరణకు 1,600 మి.మీ. ట్రాక్, 750 మి.మీ. గరిమనాభి ఉన్న బండికి అది 1.07. లిఫ్ట్‌తో గరిమనాభి 45 మి.మీ. పెరిగితే 1.0కు పడిపోతుంది. ఏ షాక్ అబ్జార్బరూ ఆ తేడాను వెనక్కి తేలేదు. పైగా గట్టి ఇరుసు ఉన్న చోట లిఫ్ట్‌తో డిఫరెన్షియల్ (ఇరుసు మధ్య ఉండే గేర్ల పెట్టె) కింద ఖాళీ ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు, పెద్ద టైరుతోనే పెరుగుతుంది. టైరు సైజు 265/70 ఆర్17 నుంచి 285/70 ఆర్17కు మారితే వచ్చేది సుమారు 14 మి.మీ.

రోజూ కుటుంబంతో తారు రోడ్డు మీదే తిరిగే బండి అయితే నా మాట స్పష్టం: దించండి. అప్పుడప్పుడు రాళ్ల దారులకు వెళ్తారంటే 25 నుంచి 40 మి.మీ. మధ్య, మంచి షాక్ అబ్జార్బర్లతో, చాలామందికి సరిపోతుంది. అంతకు మించి లేపాల్సిన అవసరం ఉన్నవాళ్లకు ఆ సంగతి ముందే తెలిసి ఉంటుంది.

వెనక్కి వెళ్లే పని

పాత స్ప్రింగులు దాచి ఉంటే సగం పని అయినట్టే. లేకపోతే, ఇదే మోడల్‌కు లిఫ్ట్ చేయించుకున్నవాళ్లు తీసేసిన కంపెనీ భాగాలు తక్కువ నడిచినవి దొరుకుతాయి. భాగం నంబరు మీ ఇంజనుకూ సీట్ల వరుసలకూ సరిపోతుందో చూడండి, డీజిల్ బండికీ పెట్రోలు బండికీ ముందు స్ప్రింగులు వేరు కావచ్చు. క్రాస్‌మెంబర్ (ఛాసిస్‌లోని అడ్డు దూలం) కోసి బ్రాకెట్లు వెల్డింగ్ చేసిన పెద్ద కిట్ అయితే, కోసిన చోట ఛాసిస్ పని తెలిసినవాళ్లు చూసి చెప్పేదాకా ఏదీ విప్పించకండి. ఎయిర్ సస్పెన్షన్‌లో హైట్ సెన్సార్ లింకులు మార్చి లేపి ఉంటే పాత లింకులు వేసి, ఎత్తు క్యాలిబ్రేషన్ చేయిస్తే సరిపోతుంది.

స్ట్రట్ విప్పడం ఇంట్లో చేసే పని కాదు. నొక్కి ఉంచిన స్ప్రింగు జారితే ప్రాణం తీస్తుంది. సరైన స్ప్రింగు కంప్రెసర్ ఉన్న చోటే చేయించండి. ఒక్కసారి మాత్రమే వాడాల్సిన బోల్టులూ నట్లూ కొత్తవి తెప్పించండి. లిఫ్ట్ కోసం వేసిన డిఫరెన్షియల్ స్పేసర్లు, ఒరుగును తగ్గించే యాంటీ రోల్ బార్ పొడవైన లింకులు, బంప్‌స్టాప్ (సస్పెన్షన్ చివరికంటా నొక్కుకోకుండా ఆపే రబ్బరు) దిమ్మలు కూడా తీసేయాలి. ఇవి బండిలోనే మిగిలిపోవడం తరచూ జరుగుతుంది.

పెద్ద టైర్లు మాత్రం ఉంచుకుందామనుకుంటే, స్టీరింగు పూర్తిగా తిప్పి, ఒక చక్రాన్ని దిమ్మ మీదికి ఎక్కించి ఎక్కడైనా రాస్తుందేమో చూడండి. పై టైరు మార్పుకు స్పీడోమీటర్ దాదాపు మూడున్నర శాతం తక్కువ చూపిస్తుంది కాబట్టి దాన్నీ సరిచేయించాలి.

బండి దిగాక బుష్‌ల బిగింపు, అలైన్‌మెంట్, హెడ్‌లైట్లు, బ్రేకు వాల్వు కడ్డీ, కెమెరా క్యాలిబ్రేషన్ అన్నీ ఇదే వరుసలో మళ్లీ చేయించండి. కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక స్ప్రింగులు కుదురుకుంటాయి, అప్పుడు బోల్టుల టార్క్ మరోసారి చూపించి మడ్గార్డు కొలతలు తీసుకోండి. లిఫ్ట్ సంగతి రిజిస్ట్రేషన్ పత్రాల్లోనో బీమాలోనో నమోదై ఉంటే, తీసేసిన సంగతిని కూడా రాతపూర్వకంగా తెలియజేసి, మెకానిక్ ఇచ్చిన బిల్లును దానికి జత చేయండి.