జీతం లేకుండ సెలవు అడుగుడు ఎట్ల (ఒకసారి దెబ్బతిన్నోని మాట)

సెలవులన్నీ అయిపోయినయ్, ఇంకో పదిహేను ఇరవై రోజులు ఇంటికాడ ఉండక తప్పదు, జీతం కట్ అయితే అయింది గని నౌకరి పోవద్దు. మీ పరిస్థితి ఇదైతే ఇది మీకే. నేను హన్మకొండల ఒక ప్రైవేట్ ఆఫీసుల అకౌంట్స్ చూస్త, రెండుసార్లు ఎల్ఓపీ (లాస్ ఆఫ్ పే, అంటే జీతం లేని సెలవు) తీసుకున్న, మొదటిసారి గలీజ్ గలీజ్ అయింది, రెండోసారి పద్ధతిగ అయింది.

మొదటిసారి బాపుకు గుండెల స్టెంట్ వేసినప్పుడు. సార్‌కు ఫోన్ చేసిన, "అరే పోయిరా, ముందు నాన్నను చూస్కో" అన్నడు, మంచోడే, నేను గూడ అదే పర్మిషన్ అనుకొని పోయిన, మెయిల్ లేదు, మెసేజ్ లేదు. ఎనిమిది రోజులు ఆఫీసుకు పోలేదు. జీతం వచ్చినంక చూస్తే పది రోజులు కట్. మధ్యల ఆదివారం ఒకటి, జనవరి 26 ఒకటి పడ్డయ్, అవి గూడ కలిపిండ్రు, దాన్ని సాండ్‌విచ్ రూల్ అంటరట, సెలవుకు సెలవుకు మధ్యల వచ్చిన హాలిడే గూడ సెలవే. పైగా హైదరాబాద్ హెడ్డాఫీసు హెచ్ఆర్ రిజిస్టర్ల "చెప్పకుండ గైర్హాజరు" అని రాసి ఉంది. సార్‌ను అడిగితే "నేను చెప్పిన కదరా వాళ్లకు" అన్నడు. చెప్పిండో లేదో దేవునికే తెల్వాలె. అప్పటికే ఆసుపత్రి ఖర్చులకు అకౌంట్ ఊడ్చిపెట్టుకపోయింది, బండి ఈఎంఐ బౌన్స్ అయింది, చార్జి బ్యాంకోడు ఒకటి గుంజిండు, ఫైనాన్సోడు ఒకటి గుంజిండు.

అందుకే, అడిగే ముందు మీకు రావాల్సిన సెలవులు ఎన్నున్నయో చూస్కోండ్రి. మన తెలంగాణల దుకాణాలకు ఆఫీసులకు 1988 నాటి షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం నడుస్తది, దాని ప్రకారం ఏడాదిల 240 రోజులు పని చేసినోళ్లకు తర్వాతి ఏడాది 15 రోజులు జీతంతో సెలవు, వాడుకోకుంటే 60 దాకా జమైతయ్, ఇది గాక క్యాజువల్ 12, సిక్ లీవ్ 12. మస్తుమందికి ఈ ముచ్చటే తెల్వదు, ఉన్న సెలవులు పెట్టుకొని ఎల్ఓపీ అడుగుతరు. ముందు అవి వాడి, మిగిలిన రోజులకే ఎల్ఓపీ అడగాలె. జీతం లేని సెలవు మాత్రం మేనేజ్‌మెంట్ దయ, హక్కు అని కొట్లాడితే పని కాదు. గవర్నమెంట్ నౌకరోళ్లకు ఈఓఎల్ (ఎక్స్‌ట్రార్డినరీ లీవ్) అని వేరే రూల్సున్నయ్, వాళ్ల లెక్క వేరు.

జబ్బు మీకే అయి, జీతంల ఈఎస్ఐ (నౌకరోళ్ల ఆరోగ్య బీమా) కట్ అవుతుంటే (జీతం 21,000 లోపు ఉన్నోళ్లకు) ఎల్ఓపీతోని ఆగకండ్రి. డాక్టర్ సర్టిఫికెట్ మీద సిక్‌నెస్ బెనిఫిట్ కింద జీతంల 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తది, కాకపోతే ఆరు నెలల పీరియడ్‌ల 78 రోజుల కాంట్రిబ్యూషన్ పడి ఉండాలె. ఇంట్లోవాళ్లకు బాగలేక మీరు సెలవు పెడితే ఇది రాదు.

ఇగ అసలు తెలివి తారీఖుల కాడ ఉంటది. రెండోసారి అమ్మకు మోకాలి చిప్ప మార్పిడి, అది ఎమర్జెన్సీ కాదు, డాక్టర్ "మీకు వీలున్నప్పుడు పెట్టుకుందాం" అన్నడు. మా పనిల ప్రతి నెల 11కు జీఎస్టీఆర్-1, 20కి 3బి అని జీఎస్టీ రిటర్న్‌లు వేయాలె, ఆ రెండు దాటితే కొద్దిగ ఊపిరాడ్తది. అందుకే నవంబర్ 21 నుంచి డిసెంబర్ 9 దాకా, 19 రోజులు అడిగిన. ఇందుల ఇంకో లాభం ఉంది, నవంబర్‌ల పది రోజులు డిసెంబర్‌ల తొమ్మిది రోజులు పడ్డయ్, కటింగ్ రెండు జీతాల మీద పంచుకుంది, ఒక్క నెల మీద మొత్తం పడితే ఈఎంఐ మల్ల ఎగిరిపోయేది. మీ ఆఫీసుల జీతం లెక్క ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకనో అడిగి తెల్సుకోండ్రి, కొన్ని చోట్ల 26 నుంచి 25 దాకా ఉంటది.

రోజుకు ఎంత కట్ చేస్తరో గూడ ముందే అడగాలె. అప్పుడు నాకు 27,000. ముప్పైతో భాగిస్తే రోజుకు 900, మొత్తం 17,100 పోయింది. 26తో భాగిస్తే రోజుకు 1,038, అట్ల చేసేకాడ ఆదివారాలు కట్ చేయొద్దు, 26తో భాగించి ఆదివారాలు గూడ గుంజితే మాత్రం ఊకోకుండ్రి, అది రెండు చేతుల తినుడు.

అడిగేటప్పుడు మొదలు మనిషి ముంగట కూసొని అడగాలె, మెయిల్ తర్వాత. నేను శుక్రవారం సాయంత్రం టీ తాగేటప్పుడు అడిగిన, సోమవారం పొద్దున అడిగితే దేవుడు గూడ ఒప్పుకోడు. సార్ మొదటి మాటనే "ఇరవై రోజులా, పని ఎవడు చేస్తడు?" అన్నడు. దానికి జవాబు జేబుల పెట్టుకొని పోవాలె. "సార్, రోజువారీ బిల్లులు మా పక్క సీటు తమ్ముడు చూస్తడు, వారం నుంచి నేర్పిస్తున్న, జీఎస్టీఆర్-1 డేటా 10కి వచ్చి నేనే వేస్త, రాత్రి ఏడు తర్వాత ఫోన్ ఎత్తుత" అని చెప్పిన. ఒక నిమిషం ఏం మాట్లాడలే, తర్వాత "మెయిల్ పెట్టు" అన్నడు. ఆ మాట అన్నంక ఇంటికి పోయేదాకా ఆగొద్దు, అక్కడనే పెట్టాలె. నేను పెట్టింది దాదాపు ఇట్ల:

"సార్, ఇప్పుడు మనం మాట్లాడుకున్నట్టు మా అమ్మ ఆపరేషన్ కోసం నవంబర్ 21 నుంచి డిసెంబర్ 9 వరకు 19 రోజులు జీతం లేని సెలవు కావాలి. డిసెంబర్ 10న డ్యూటీలో చేరుతాను. ఆసుపత్రి లెటర్ జత చేశాను. నా పని ఎవరు చూస్తారో కింద రాశాను. దయచేసి ఓకే అని రిప్లై ఇవ్వగలరు."

హెచ్ఆర్‌ను సీసీల పెట్టాలె, మర్వకండ్రి. సార్ రిప్లై రెండు రోజులైనా రాకుంటే మల్ల కలిసి గుర్తుచేయాలె, రిప్లై రాకముందు బస్సెక్కొద్దు. ఆపరేషన్ గురించి కథలు కథలు రాయొద్దు, లేని జబ్బు చెప్పుడైతే అసలే వద్దు, మా వరంగల్ ఏమంత పెద్ద ఊరు కాదు, చౌరస్తాల ఎవడో ఒకడు చూస్తడు.

మేడారం జాతర వారం మాత్రం అడగకుండ్రి. రెండేండ్లకోసారి మాఘంల ఆఫీసుల సగం మంది బంగారం (అమ్మలకు మొక్కిన బెల్లం) ఎత్తుకొని పోతరు, ఆ టైంల సార్‌కు సెలవు అన్న మాట వింటేనే బీపీ పెరుగుతది.

కాదంటే అక్కడనే లేవకండ్రి, తక్కువ రోజులకు దిగాలె. పది రోజులు ఎల్ఓపీ, మిగతావి ఇంటి నుంచి పని, లేకుంటే పూట పూట రావుడు. మా దగ్గర ఒకామె పొద్దున పదకొండు నుంచి మూడు దాకనే వస్తనని అడిగింది, సగం జీతానికి ఒప్పుకున్నరు.

ఎల్ఓపీ రోజులకు జీతం లేదు కాబట్టి పీఎఫ్ గూడ పడదు, పాస్‌బుక్‌ల తక్కువ కనిపిస్తే భయపడొద్దు. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటే ఆ రోజులల్ల నడుస్తదా లేదా అని హెచ్ఆర్‌ను మెయిల్ల అడగండ్రి, ఆసుపత్రి పనికే సెలవు పెట్టినప్పుడు ఇది పెద్ద సంగతి. ఇల్లు లోన్ పెట్టుకునే ఆలోచన ఉంటే ముందే అప్లై చేస్కోండ్రి, బ్యాంకోళ్లు చివరి మూడు జీతం స్లిప్పులు అడుగుతరు, అండ్ల ఎల్ఓపీ కనిపిస్తే సవాలక్ష ప్రశ్నలు.

తిరిగొచ్చిన రోజు పొద్దున్నే "ఈ రోజు డ్యూటీలో చేరాను" అని అదే మెయిల్ కింద రిప్లై కొట్టాలె. నేను కొట్టిన. డిసెంబర్ స్లిప్పుల తొమ్మిదికి బదులు పది వేసిండ్రు, ఆ మెయిల్ చూపిస్తే హెచ్ఆర్ మేడం ఏం మాట్లాడకుండ 900 తర్వాతి నెలల కలిపేసింది.