టైమ్‌షేర్ కాంట్రాక్టు నుంచి బయటపడటం: మా ఇంట్లో రెండుసార్లు చేసిన పని

మా నాన్నగారి బల్ల సొరుగులో, పాత పాస్‌పోర్టుల కింద, పదకొండు కవర్లు దొరికాయి. సగం విప్పనే లేదు. అన్నీ అమెరికాలోని ఒక రిసార్టు పంపిన మెయింటెనెన్స్ ఫీజు బిల్లులు, వాటి మీద ఆలస్య రుసుములు, చివర్లో వసూలు ఏజెన్సీ హెచ్చరిక. ఏడాదికో వారం అక్కడ సెలవు గడిపే హక్కు, అంటే టైమ్‌షేర్, కొంటూ పద్దెనిమిదేళ్ల కిందట సంతకం చేశారట. వెళ్లింది మూడుసార్లు. అమ్మ పోయాక ఒక్కసారీ వెళ్లలేదు. "మీకు చెప్పడానికి మొహం చెల్లలేదమ్మా" అన్నారు.

ఆయన్ని ఆ కాంట్రాక్టు నుంచి బయటికి తేవడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. మరుసటి ఏడాది మా తమ్ముడు ఫ్లోరిడాకు సెలవులకు వెళ్లి అలాంటిదే ఇంకోటి సంతకం చేశాడు. వాడి పని ఒక్క ఉత్తరంతో అయిపోయింది. ఎందుకంటే వాడు ఆ రాత్రే నాకు ఫోన్ చేశాడు.

కాబట్టి మీరు సంతకం చేసి ఇంకా రెండు వారాలు దాటకపోతే, కింద రాసినవన్నీ తర్వాత చదువుదురుగాని, ముందు కాంట్రాక్టు తీసి రద్దు గడువు ఎంతో చూడండి. చాలాచోట్ల చట్టమే కొన్నవాళ్లకు కొన్నాళ్ల వ్యవధి ఇస్తుంది. ఆ లోపు కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు, కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వాల్సిందే. ఫ్లోరిడాలో అది 10 రోజులు, కాలిఫోర్నియాలో 7, నెవాడాలో 5. మెక్సికోలో 5 పనిదినాలు. ఐరోపా సమాఖ్య దేశాల్లో 2008 నాటి ఆదేశం ప్రకారం 14 రోజులు, బ్రిటన్‌లోనూ అంతే. ఐరోపాలో ఆ 14 రోజుల్లో మీ దగ్గర బయానా కూడా తీసుకోకూడదు. అక్కడ రద్దు ఫారం మీ చేతికి ఇవ్వకపోతే గడువు ఇంకో ఏడాది పెరుగుతుంది. ఫ్లోరిడాలో సంతకం చేసిన రోజు, ఇవ్వాల్సిన కాగితాల్లో ఆఖరిది మీకు అందిన రోజు, ఈ రెండింటిలో ఏది తర్వాతైతే అక్కణ్నుంచి లెక్క మొదలవుతుంది. మీరు ఉండే ఊరి చట్టం చూస్తే సరిపోదు. సాధారణంగా ఆ రిసార్టు ఉన్నచోటి చట్టమో, సంతకం చేసినచోటి చట్టమో వర్తిస్తుంది. కాంట్రాక్టులో అది రాసి ఉంటుంది.

రద్దు గురించిన పేరా ఎక్కువగా సంతకాలకు కాస్త పైనే ఉంటుంది. మా తమ్ముడికి ఇచ్చిన సంచిలో మెరిసే పుస్తకాలు ఉన్నాయి, తాళంచెవి బొమ్మ ఉంది, అసలు నిబంధనలన్నీ మాత్రం పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. హోటల్ గదిలోనే లాప్‌టాప్‌లో తెరిపించి ఫోన్లో పేరాలు చదివించుకున్నాను. మూడు సంగతులు కావాలి: ఎన్ని రోజులు, ఉత్తరం ఏ అడ్రసుకి, ఏ పద్ధతిలో పంపాలి. అడ్రసు రిసార్టుది కాకపోవచ్చు. వాడి కాంట్రాక్టులో వేరే ఊళ్లో ఉన్న ఆఫీసు అడ్రసు ఉంది. రిసెప్షన్‌లో చెప్పి వచ్చేసుంటే అది చెప్పినట్టే కాదు.

ఉత్తరం చాలా చిన్నది. కాంట్రాక్టు ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే రాయండి. మేం రాసినదాని సారం ఇది: "ఫలానా తేదీన, ఫలానా నంబరుతో నేనూ నా భార్యా సంతకం చేసిన కాంట్రాక్టును రద్దు చేసుకుంటున్నాము. కట్టిన మొత్తం తిరిగి పంపగలరు." కింద పేర్లు, అడ్రసు, తేదీ, ఇద్దరి సంతకాలు. కాంట్రాక్టు మీద ఎంతమంది సంతకం చేస్తే అంతమందీ చేయాలి. కారణం రాయొద్దు. "ఇప్పుడు కుదరడం లేదు" అని రాశామంటే, ఎలా కుదర్చాలో చెప్పడానికి వాళ్లు ఫోన్ చేస్తారు. మాకు కారణం రాయకపోయినా చేశారు. సెలవు రోజులను లెక్కగట్టే పాయింట్లు సగానికి తగ్గించి సగం ధరకే ఇస్తామన్నారు. అది రాయితీలా వినిపిస్తుంది గానీ, ఒప్పుకుంటే కొత్త కాంట్రాక్టు అవుతుంది. తమ్ముడికి ముందే చెప్పి ఉంచాను, "ఉత్తరం పంపాను, రాతలో జవాబివ్వండి" అని మాత్రమే అనమని. వాడు అంతే అన్నాడు.

ఫోన్లో చెప్పింది రద్దు కింద లెక్కకు రాదు. రశీదుతో, అందినట్టు సంతకం తెచ్చే పోస్టులో పంపండి. పోస్టాఫీసు ముద్ర మీది తేదీయే రేపు మీ సాక్ష్యం. ఫాక్సు, ఈమెయిలు చెల్లుతాయని కాంట్రాక్టులో ఉంటే అవీ చేయండి. కవరు అంటించే ముందు ఉత్తరాన్ని, అంటించాక కవరునీ ఫోటో తీసుకోండి. వాళ్లు ఇచ్చిన సంచీ, కానుకలూ వాడకుండా పక్కన పెట్టండి, తిరిగి అడగవచ్చు.

గడువు దాటిపోయిన వాళ్ల సంగతి వేరు. నాన్నగారిది అదే.

నేను చేసిన మొదటి తప్పు, కాంట్రాక్టు పూర్తిగా చదవకముందే కంపెనీకి ఫోన్ చేయడం. మీ దగ్గరున్నది రిజిస్టరైన దస్తావేజా, లేక కొన్నేళ్లు వాడుకునే హక్కు మాత్రమేనా? ఫలానా ఏడాదితో ముగుస్తుందా, శాశ్వతమా? అప్పు మిగిలుందా? ఎవరెవరి పేర్ల మీద ఉంది? ఈ ఆఖరి ప్రశ్న దగ్గర నాకు మూడు నెలలు పోయాయి. దస్తావేజు మీద అమ్మ పేరూ ఉంది. ఆవిడ మరణ ధ్రువపత్రం ఇచ్చి, ఆ పేరు తీయించేదాకా కంపెనీ మా ఉత్తరాన్నే ముట్టుకోలేదు.

తర్వాత నేరుగా కంపెనీనే అడగాలి, "వెనక్కి తీసుకుంటారా" అని. అమెరికాలో పెద్ద కంపెనీలు చాలావాటికి ఇలా వెనక్కి తీసుకునే పద్ధతి ఉంది. ప్రచారం చేయరు, అడిగినవాళ్లకే చెబుతారు. అప్పు పూర్తిగా తీరి ఉండాలి, ఫీజు బాకీలు ఉండకూడదు అనేవి మామూలు షరతులు. నేను మొదట ఫోన్ చేసినప్పుడు అలాంటిదేమీ లేదన్నారు. రెండోసారి ఇంకా పెద్ద ప్యాకేజీకి మారమన్నారు. మూడోసారి ఫోన్ మానేసి, నాన్నగారి వయసు, ఆరోగ్యం, అమ్మ పోయిన సంగతి, చివరిసారి ఎప్పుడు వెళ్లారో తేదీలతో సహా ఒక పేజీ రాసి, కొన్నవాళ్ల వ్యవహారాలు చూసే ఓనర్ సర్వీసెస్ విభాగానికి పంపాను. దానికి జవాబొచ్చింది. బాకీ కట్టి, వచ్చే ఏడాది ఫీజు కూడా ముందే కడితే తీసుకుంటామన్నారు. ఆలస్య రుసుములు మాఫీ చేయమని మళ్లీ రాశాను, చేశారు. బాకీ కట్టడం బాధే. కానీ ఆ ఫీజు ఏటేటా పెరుగుతూ ఆయన ఉన్నన్నాళ్లూ వస్తూనే ఉండేది.

కట్టడం మానేస్తే వాళ్లే వదిలేస్తారు కదా అని మా బంధువులొకరు అన్నారు. అమెరికాలో అలా మానేస్తే వసూలు ఏజెన్సీకి పోతుంది, క్రెడిట్ రికార్డు చెడుతుంది, కోర్టు దాకా రావచ్చు. అప్పు పెద్దదైతే ఆ నిర్ణయం మీరొక్కరే తీసుకోకండి. ఆ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న లాయరుకి కాంట్రాక్టు చూపించండి.

అమ్మేద్దామనుకుంటే, పాత టైమ్‌షేర్లు కొన్న ధరకు దరిదాపుల్లో కూడా పోవు. చాలావాటిని ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాళ్లు దొరకరు. ఈ నిరాశ మీదే బతికే ముఠాలున్నాయి. నాన్నగారికి ఒకాయన ఫోన్ చేసి, కొనేవాళ్లు సిద్ధంగా ఉన్నారు, అమ్మకానికి పెట్టే లిస్టింగ్ ఫీజు కడితే చాలన్నాడు. కట్టారు. నెల తిరక్కుండా పన్ను కట్టాలంటూ మళ్లీ ఫోన్. మెక్సికోలోని టైమ్‌షేర్లను అడ్డం పెట్టుకుని చేసిన ఇలాంటి మోసాల్లో 2019 నుంచి 2023 వరకు సుమారు 6,000 మంది అమెరికన్లు 30 కోట్ల డాలర్ల దాకా పోగొట్టుకున్నట్టు ఎఫ్‌బీఐకి ఫిర్యాదులొచ్చాయి. టైమ్‌షేర్ నుంచి బయటపడేస్తామని చెప్పుకునే కంపెనీలతోనూ జాగ్రత్త కావాలి. అలాంటి ఒక ముఠా, ఎక్కువగా పెద్దవయసు వాళ్ల దగ్గర, 9 కోట్ల డాలర్లకు పైగా గుంజిందని 2022లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేసింది. ముందే డబ్బడిగినా, టైమ్‌షేర్ అమ్మిన కంపెనీతో మాట్లాడొద్దన్నా, ఫీజు కట్టడం ఆపేయమన్నా ఫోన్ పెట్టేయండి.

మాయమాటలు చెప్పి అమ్మారనుకుంటే ఫిర్యాదు చేయొచ్చు. అమెరికాలోనైతే రాష్ట్ర అటార్నీ జనరల్‌కి. కానీ నోటిమాటలు చెల్లవని కాంట్రాక్టులోనే రాసుకుంటారు గనక, ఎవరేం చెప్పారో అదే రోజు రాసిపెట్టుకున్న కాగితానికి, మెసేజీలకు విలువ ఎక్కువ. స్పెయిన్‌లో కొన్నవాళ్లకు వేరే దారుంది: 1999 జనవరి తర్వాత రాసుకున్న కాంట్రాక్టు 50 ఏళ్లకు మించి ఉంటే అది చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు 2015లో తీర్పిచ్చింది. ఇండియాలో తీసుకున్న హాలిడే క్లబ్ సభ్యత్వాలకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. గొడవ మొదలైన 2 ఏళ్ల లోపు, మీరు ఉంటున్నచోటి కమిషన్‌లోనే, లాయరు లేకుండా కూడా కేసు వేయొచ్చు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

పెద్దవాళ్లు పోయాక వాళ్ల టైమ్‌షేర్ మీ పేర వస్తుందని ఉత్తరమొస్తే, ఒక్క రోజు కూడా వాడకండి, ఒక్క బిల్లూ కట్టకండి. వారసత్వం వద్దని రాసిచ్చే హక్కు ఉంటుంది, టైమ్‌షేర్ వాడితే ఆ హక్కు పోతుంది. దానికీ గడువుంటుంది, వెంటనే లాయర్ని కలవండి.

కంపెనీ ఒప్పుకుందని పని అయిపోయినట్టు కాదు. దస్తావేజు వాళ్ల పేరుకి మారి రిజిస్టరైన కాపీ, బాకీ సున్నా అని రాసిన ఉత్తరం, రెండూ చేతికి రావాలి. బ్యాంకులో ఆటోమేటిక్ చెల్లింపు మీరే వెళ్లి ఆపించాలి. మాకు ఆ కాపీ రావడానికే ఏడు వారాలు పట్టింది. దాన్నీ, బాకీ లేదన్న ఉత్తరాన్నీ నాన్నగారి సొరుగులోనే పెట్టాను, ఆ పదకొండు కవర్లతో కలిపి. తర్వాతి జనవరిలో ఆయన రోజూ పోస్టు డబ్బా చూసి వచ్చేవారు. నెలాఖరున ఫోన్ చేసి, "ఏమీ రాలేదమ్మా" అన్నారు.