నంబరు నొక్కితే ఊళ్లో లైటు వెలగాలంటే ఎలా?

అనంతపురం జిల్లాలో బోరున్న రైతులు చాలామందికి ఈ సంగతి కొత్త కాదు. స్టార్టర్ పెట్టెలో ఒక సిమ్ ఉంటుంది. ఇంట్లో మంచం మీద నుంచే ఆ నంబరుకు ఫోన్ చేసి, అంకె నొక్కితే మోటారు ఆడుతుంది. కల్యాణదుర్గం వైపు మా ఊళ్లో నాయన రోజూ చేసే పనే. నేనుండేది టౌన్‌లో. అమ్మానాయన పెళ్లికో తిరునాళ్లకో పోతే ఊళ్లో ఇల్లు చీకటి. వైఫై బల్బులు పెడదామంటే అక్కడ నెట్ లేదు. ఉన్నా మా రాతి గోడలు దాటి లోపలి గదికి సిగ్నల్ అందడం అనుమానమే. మోటారుకు పనికొచ్చే ఉపాయం లైటుకు ఎందుకు పనికిరాదు అనుకుని మొదలుపెట్టాను.

ముందు సూత్రం. ఫోన్‌లో అంకె నొక్కితే వచ్చే ‘పీ’ అనే చప్పుడు నిజానికి రెండు శబ్దాల జత. 5 నొక్కితే 770, 1336 హెర్ట్జ్‌లు కలిసి వస్తాయి. ఒక్కో అంకెది ఒక్కో జత. దీన్నే డీటీఎంఎఫ్ అంటారు. ఎంటీ8870 అనే చిప్ ఆ జతను విని, అది ఏ అంకో నాలుగు పిన్నుల మీద చెబుతుంది. ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రాం బోర్డు దాన్ని చదివి రిలేను, అంటే కరెంటుతో కదిలే స్విచ్‌ను, కదిలిస్తుంది.

కావలసినవి: ఇయర్‌ఫోన్ రంధ్రం, ఆటో ఆన్సర్ ఉన్న పాత కీప్యాడ్ ఫోను, ఎంటీ8870 బోర్డు, ఆర్డుయినో నానో, నాలుగు రిలేల బోర్డు, రెండు వైపులా ఇయర్‌ఫోన్ పిన్ను ఉన్న కేబుల్, 5 వోల్టుల 2 ఆంపియర్ల చార్జర్. ఫోనుకు దాని చార్జర్ వేరే. పాత 2జీ ఫోనైతే జియో సిమ్ పనిచేయదు, వేరే కంపెనీది వెయ్యండి.

మొదటి మెట్టు: మిగతావి కొనకముందే ఫోన్‌ను పరీక్షించండి. చాలా కీప్యాడ్ ఫోన్లు హెడ్‌సెట్ పెడితేనే కాల్‌ను వాటంతటవే ఎత్తుతాయి. కేబుల్ గుచ్చి, ఇంకో ఫోన్ నుంచి కాల్ చేసి చూడండి. ఎత్తకపోతే ఆ ఫోన్ పక్కన పెట్టి ఇంకోటి వెతకండి.

రెండో మెట్టు: కేబుల్ రెండో కొన బోర్డుకు పెట్టి, కాల్‌లో ఉండగా అంకెలు నొక్కండి. బోర్డు మీది చిన్న లైట్లు మారాలి. మారకపోతే ఫోన్ వాల్యూమ్ పెంచండి. మరీ పెంచితే శబ్దం పగిలి తప్పు అంకెలు వస్తాయి. నాకు నడిమధ్యకు కాస్త పైన కుదిరింది.

మూడో మెట్టు ప్రోగ్రాం. అంకె వచ్చిందని చెప్పే చిప్‌లోని ఎస్‌టీడీ పిన్ను ‘హై’ అయినప్పుడే, అంటే దానిపై వోల్టేజీ వచ్చినప్పుడే, నాలుగు పిన్నులు చదవాలి. సున్నా నొక్కితే చిప్ 10 అని చెబుతుంది, స్టార్ 11, హ్యాష్ 12. ఇది తెలియక నేను ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. రాంగ్ నంబర్ వాడు మీ ఇంటి లైట్లతో ఆడుకోకుండా ముందు నాలుగంకెల పాస్‌వర్డ్ అడిగేలా రాయండి. చాలా రిలే బోర్డులు పిన్ను ‘లో’ అయితే, అంటే దానిపై వోల్టేజీ లేకపోతే, ఆన్ అవుతాయి. అలాంటి బోర్డైతే మొదలవగానే పిన్నులను ‘హై’లో పెట్టండి, లేకుంటే కరెంటు వచ్చినప్పుడల్లా రిలేలన్నీ టకటకమంటాయి.

నాలుగో మెట్టే అసలు పని. ఇక్కడ 230 వోల్టులు. మెయిన్ ఆఫ్ చేసి, టెస్టర్‌తో చూసుకుని, ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకునే చెయ్యండి. రిలే మీదుగా పోవాల్సింది ఫేజ్ తీగ. న్యూట్రల్‌ను తెంపితే లైటు ఆరుతుంది గానీ హోల్డర్‌లో కరెంటు అలాగే ఉంటుంది.

నేను బల్బులు బిగిస్తుంటే నాయన, “లైటేసేదానికి గూడా ఫోన్ చెయ్యల్లనా?” అన్నాడు. ఆ మాటతోనే వైరింగ్ మార్చాను. గోడ మీది స్విచ్ ఎప్పుడూ పనిచేయాలి. మెట్ల లైటును కిందా పైనా రెండు చోట్ల వేసుకుంటాం కదా, అదే పద్ధతి. మామూలు స్విచ్ తీసి టూ వే స్విచ్ పెట్టండి. దాని మధ్య పిన్నుకు ఫేజ్ ఇవ్వండి. మిగతా రెండు పిన్నుల నుంచి రెండు తీగలు రిలే ఎన్‌ఓ (రిలే ఆన్ అయితే కలిసేది), ఎన్‌సీ (ఆఫ్‌లో కలిసి ఉండేది) పిన్నులకు. రిలే కామన్, అంటే ఆ రెంటిలో ఒకదానికి కలిసే పిన్ను, నుంచి లైటుకు. ఇక ఎవరు ఏ చివర మార్చినా లైటు మారుతుంది. ఆర్డుయినో చెడిపోయినా స్విచ్ ఆగదు.

దీనికో లోపం ఉంది. ఫోన్‌లో నొక్కినప్పుడు లైటు వెలిగిందో ఆరిందో దూరాన ఉన్నవాడికి తెలియదు. అందుకే వసారా లైటుకు మాత్రం రిలేను స్విచ్‌కు సమాంతరంగా కలిపాను. ఊరికి పోయేముందు స్విచ్ ఆఫ్ చేసి పోతే చాలు, 1 ఆన్, 2 ఆఫ్.

రిలే మీద 10 ఆంపియర్లు అని రాసి ఉందని మోటారో గీజరో కలపకండి. ఇది ఎల్‌ఈడీ బల్బులకే.

కరెంటు పోయి వస్తే ఆర్డుయినో అంతా మరిచిపోతుంది. చివరి స్థితిని దానిలోని ఈఈప్రామ్‌లో, అంటే కరెంటు పోయినా చెరగని మెమరీలో, రాయించండి, లేకుంటే రాత్రి మధ్యలో వసారా చీకటవుతుంది. ఫోన్‌కు బ్యాటరీ ఉంది కాబట్టి దానికి బాధ లేదు. సిమ్‌కు మాత్రం రీచార్జి తప్పదు. గడువు దాటి కొన్నాళ్లయితే ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతుంది.

అన్నీ ప్లాస్టిక్ పెట్టెలో బిగించి, బల్లులు దూరకుండా రంధ్రాలు మూసి, ఏ అంకెకు ఏ లైటో కాగితం మీద రాసి మూత లోపల అంటించాను. మొన్న పోయి చూస్తే దాని కింద నాయన బోరు నంబరు కూడా రాసి పెట్టుకున్నాడు.