పడిపోయిన బండిని లేపగలరా? దూరప్రయాణాల బైక్ కొనే ముందు జాగ్రత్తలు

షోరూములో నిలబెట్టిన బండి ఎప్పుడూ ముద్దొస్తూనే ఉంటుంది. నున్నని నేల, ఖాళీ పెట్టెలు, మెరిసే ట్యాంకు. అదే బండి మూడు వారాల తరువాత మనిషి జాడలేని మట్టిదారిలో, ఎడమ పెట్టె నేలలో దిగబడి, పక్కకి ఒరిగి పడి ఉంటుంది. పొద్దు వాలుతూ ఉంటుంది. మీ మోకాలు సలుపుతూ ఉంటుంది. బండి కొనడానికి వెళ్లేటప్పుడు కళ్ల ముందు పెట్టుకోవాల్సింది ఈ రెండో దృశ్యాన్ని. హైవే మీద నూట ఇరవైలో సాఫీగా పోయే గంటల్ని ఏ బండి అయినా దాటించేస్తుంది. పరీక్ష పెట్టేది చెడ్డ గంటే.

అందుకే ముందు బరువు చూడండి. ప్రకటనలో డ్రై వెయిట్ అని రాశారంటే అది పెట్రోలు పోయకముందు మాట. మనకి కావాల్సింది నిండు ట్యాంకుతో రోడ్డెక్కడానికి సిద్ధంగా ఉన్న బండి బరువు, అంటే కెర్బ్ వెయిట్. లీటరు పెట్రోలు ముప్పావు కిలో ఉంటుంది కాబట్టి 20 లీటర్ల ట్యాంకు నిండితే 15 కిలోలు, అదీ బండి పైభాగంలో. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 కెర్బ్ వెయిట్ 196 కిలోలు. యమహా టెనెరే 700 రమారమి 205. బీఎండబ్ల్యూ ఆర్ 1250 జీఎస్ 249. మొదటి దానికీ చివరి దానికీ తేడా ఒక సిమెంటు బస్తా. కదిలేటప్పుడు ఆ బస్తా తెలియదు. ఇసుకలో ఆగిపోయినప్పుడు మాత్రం దాన్ని మోసేది మీరే.

బండిని లేపడం కొనకముందే నేర్చుకోండి. ఇంజను ఆపి, గేరులో వేయాలి, లేకపోతే లేపుతుంటే దొర్లిపోతుంది. కుడివైపు పడితే సైడ్ స్టాండు ముందే తెరిచి ఉంచాలి. హ్యాండిల్‌ని పడిన వైపు పూర్తిగా తిప్పి, సీటుకి వీపు ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్‌నీ, ఇంకో చేత్తో వెనక ఫ్రేమునో పట్టుకుని, కాళ్ల బలంతో చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ లేపాలి. నడుము వంచి చేతులతో లాగితే బండి లేవదు, నడుము పట్టేస్తుంది. కొత్త బండిని పడుకోబెట్టి చూస్తామంటే ఏ షోరూమూ ఒప్పుకోదు, నిజమే. అదే మోడల్‌ని రెండు రోజులు అద్దెకి తీసుకునో, తెలిసినవాళ్ల పాత బండిని బతిమాలుకునో గడ్డి మీద చేసి చూడండి. ఒక్కరే రెండుసార్లు వరసగా లేపలేకపోతే ఆ బండి ఒంటరి ప్రయాణానికి మీది కాదు. తోడు ఉంటే లెక్క వేరు.

సీటు ఎత్తు విషయంలో జనం పడే ఆరాటం కొంచెం ఎక్కువే. రెండు మడమలూ నేలకి ఆనాల్సిన పని లేదు. ఒక పాదం గట్టిగా ఆనితే చాలు, మిగతాది అలవాటు. కానీ టెనెరే 700 లాంటి బండి సీటు 875 మిల్లీమీటర్లు ఉంటుంది. పక్కకి వాలిన రోడ్డు మీద, వెనక లగేజీతో ఆపినప్పుడు ఆ అంగుళం లోటు బయటపడుతుంది. వెనక సస్పెన్షన్‌లో ఎత్తు తగ్గించే లింకులు (కలిపే ఇనుప ముక్కలు) వేయించుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. సీటుతో పాటు నేలకీ బండి అడుగుకీ మధ్య ఎడం (గ్రౌండ్ క్లియరెన్స్) కూడా తగ్గుతుంది, సైడ్ స్టాండు పొడుగైపోయి బండి నిటారుగా నిలబడి అవతలివైపు పడిపోతుంది.

ఇక ఎవరూ చూడని అంకె ఒకటుంది. బండి సొంత బరువుతో కలిపి ఉండగల గరిష్ఠ బరువు. మాన్యువల్‌లో ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆర్ 1250 జీఎస్‌కి అది 465 కిలోలు. బండి 249 పోతే మిగిలింది 216. చాలా అనిపిస్తుంది కదా? లెక్కేయండి. నడిపేవాళ్లు 80, వెనక కూర్చునేవాళ్లు 65. ఇద్దరి హెల్మెట్లు, జాకెట్లు, బూట్లు కలిపి 20. మూడు అల్యూమినియం పెట్టెలు, వాటిని బిగించే ఫ్రేములు మరో 20. మిగిలింది 31. అందులోనే టెంటు, పనిముట్లు, నీళ్లు, బట్టలు, స్పేర్ ట్యూబు. అంత పెద్ద బండికే పరిస్థితి ఇది. చిన్న బండ్లలో ఇంకా బిగువు. ఈ లెక్క తప్పితే వెంటనే ఏమీ జరగదు. అదే ప్రమాదం. గతుకుల్లో వందల కిలోమీటర్లు పోయాక వెనక సబ్‌ఫ్రేము, అంటే సీటునీ సామాన్నీ మోసే చట్రం, వెల్డింగు దగ్గర చీలుతుంది. అందుకే సబ్‌ఫ్రేము బోల్టులతో బిగించి ఉందా, ప్రధాన ఫ్రేముతో కలిపి వెల్డింగు చేసి ఉందా అని అడగండి. బోల్టులదైతే విప్పి మార్చుకోవచ్చు.

బరువైనవి కింద, ఇంజనుకి దగ్గరగా. తేలికవి పైన, వెనక. వెనక చక్రం ఇరుసు దాటి పైపెట్టెలో పనిముట్లు పెడితే ముందు చక్రం తేలికై హ్యాండిల్ వణుకుతుంది. లగేజీ ఎక్కాక షాక్ అబ్జార్బర్ ప్రీలోడ్, అంటే స్ప్రింగు ముందస్తు బిగింపు, పెంచాలి. మీరూ సామానూ ఎక్కాక సస్పెన్షన్ తన మొత్తం కదలికలో దాదాపు మూడో వంతు కుంగితే సరిగ్గా ఉన్నట్టు. అంతకన్నా కుంగితే హెడ్‌లైటు చెట్ల మీద పడుతుంది, బ్రేకు వేసినప్పుడు బండి ఊగుతుంది.

సీసీల పిచ్చి గురించి ఎక్కువ చెప్పను. పాత హిమాలయన్ 411కి పాతిక హార్స్‌పవర్ కూడా లేదు, అయినా ఎత్తైన కనుమలు బోలెడు దాటింది. ఒకటి మాత్రం తెలిసి ఉండాలి. ఎత్తుకి పోయే కొద్దీ గాలి పలచబడి, వెయ్యి మీటర్లకి సుమారు పదో వంతు శక్తి పోతుంది. 5,500 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సగమే. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి పెట్రోలుని దానికి తగ్గట్టు సర్దుకుంటుంది, కార్బురేటర్ బండి ఎక్కువ పెట్రోలు తాగి నల్లపొగ కక్కుతుంది. ఏదైనా నీరసం తప్పదు. తక్కువ గేరులో ఓపికగా లాగే ఇంజను అక్కడ మేలు.

పెట్రోలు నాణ్యత ఇంకో చిక్కు. కంప్రెషన్ రేషియో (ఇంజను లోపల గాలీ పెట్రోలూ ఎన్నో వంతుకి నొక్కుకుంటాయో చెప్పే అంకె) ఎక్కువున్న ఇంజన్లకి ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు, అంటే ఆ ఒత్తిడికి తనంతట తాను ముందే అంటుకోనిది, కావాలి. హిమాలయన్ 411ది 9.5, ఆర్ 1250 జీఎస్‌ది 12.5. మారుమూల డబ్బాలో దొరికే పెట్రోలు పోస్తే మొదటిది పెద్దగా పట్టించుకోదు. రెండోదానిలో, పెట్రోలు వేళ తప్పి అంటుకోవడాన్ని పసిగట్టే నాక్ సెన్సరు ఇంజనుని కాపాడుతుంది కానీ పికప్ పడిపోతుంది. సెన్సరు లేని హై కంప్రెషన్ ఇంజనైతే లోపల టకటక మోగుతుంది. ఆ చప్పుడు వినిపిస్తే యాక్సిలరేటరు తగ్గించండి, మంచి పెట్రోలు దొరికేదాకా నింపాదిగా పొండి.

ట్యాంకు సామర్థ్యాన్ని మైలేజీతో గుణించి, అందులో ఐదో వంతు తీసేసి నమ్మండి. లీటరుకి 25 ఇచ్చే బండికి 16 లీటర్ల ట్యాంకు ఉంటే కాగితం మీద 400, నమ్మదగింది 320. ఎదురుగాలి, ఇసుక, ఇద్దరు మనుషులు కలిస్తే ఆ 320 కూడా ఉండదు. అలాగని 23, 24 లీటర్ల ట్యాంకు వెనకపడొద్దు. ఏడాదికి రెండు రోజులు పనికొచ్చే పెట్రోలుని మిగతా రోజులన్నీ మోయడం దండగ. ఆ రెండు రోజులకి విడిగా పెట్రోలు సంచీ చాలు.

చక్రాల్లో ముందుది 21 అంగుళాలైతే రాళ్ల మీద హాయిగా దొర్లుతుంది, తారు రోడ్డు మీద వంపుల్లో కాస్త మందకొడిగా తిరుగుతుంది. 19 మధ్యస్థం. మీ దారిలో మట్టి ఎంతో నిజాయితీగా చెప్పుకోండి. నూటికి తొంభై మంది దారి తొంభై పాళ్లు తారే. వెనక చక్రం 18 అంగుళాలైతే మట్టి టైర్లు ఎక్కువ రకాల్లో దొరుకుతాయి. ట్యూబ్‌లెస్‌కి పంక్చర్ పడితే పది నిమిషాల పని. ట్యూబు టైరైతే చక్రం విప్పాలి, టైరు ఊడదీయాలి. ఆ పని ఇంటి దగ్గర ఒక్కసారైనా మీ చేత్తో చేయకుండా బయల్దేరకండి. వీడియో చూసి వచ్చిందనుకోవడం వేరు, గోళ్లు విరగ్గొట్టుకోవడం వేరు. టైరు పక్కన ఉండే నాలుగంకెల ముద్ర కూడా చూడండి. 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైంది. కొత్త బండికే పాత టైరు ఉండొచ్చు.

చైను బండి అయితే ప్రతి 500 నుంచి 1,000 కిలోమీటర్లకి నూనె, వానలో ఇంకా తొందరగా. స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్లచక్రం) పళ్లు సొరచేప రెక్కలా వంగి కనిపిస్తే చైనూ స్ప్రాకెట్లూ కలిపే మార్చాలి. చైను బదులు ఇనుప కడ్డీతో చక్రాన్ని తిప్పే షాఫ్ట్ డ్రైవ్‌కి ఈ గోల లేదు, కానీ అది పాడైతే రోడ్డు పక్కన చేయగలిగింది కూడా లేదు. ఎలక్ట్రానిక్స్‌లో ఒక్కటే పట్టుబట్టండి. మట్టిలో దిగేటప్పుడు వెనక చక్రం ఏబీఎస్‌ని (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ఆపుకునే వీలుండాలి. మిగతా మోడ్‌లు ఉంటే సంతోషం, లేకపోతే దిగులు లేదు.

పాత బండి కొంటుంటే ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్‌ని నెమ్మదిగా అటూ ఇటూ తిప్పండి. మధ్యలో ఎక్కడో పట్టినట్టు ఆగితే స్టీరింగ్ బేరింగులు పోయినట్టే. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుల మీద నూనె చారలున్నాయేమో చూడండి. స్పోకులని స్క్రూడ్రైవరుతో తట్టుకుంటూ పొండి. అన్నీ ఒకే రకంగా మోగుతుంటే ఒక్కటి మొద్దుగా పలికితే అది వదులైంది.

కొత్త బండిని మాత్రం షోరూము నుంచి సరాసరి పెద్ద ప్రయాణానికి తీసుకుపోవద్దు. మొదటి సర్వీసు అయిపోవాలి. తరువాత, తీసుకెళ్లబోయే సామాను మొత్తం, ఒక్క వస్తువు కూడా వదలకుండా కట్టుకుని రెండు రోజులు తిరిగి రండి. మొదటి రోజు 300 కిలోమీటర్లు చాలు. సీటు ఎక్కడ కోస్తోందో, ఏ బోల్టు వదులవుతోందో, ఏ వస్తువు అసలు అక్కర్లేదో ఆ రెండు రోజుల్లోనే తేలిపోతుంది. నేను అలా వెళ్లొచ్చి దించేసిన సామాను ఓ సంచీ నిండింది.

సరిహద్దులు దాటే ఆలోచన ఉంటే బండి మీ పేరు మీదే ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌లో మోటారుసైకిల్ వర్గానికి ముద్ర పడాలి. కొన్ని దేశాలు బండికి కార్నే అనే కస్టమ్స్ పత్రం అడుగుతాయి. దానికి హామీ సొమ్ము కట్టాలి, వారాలు పట్టొచ్చు.

ఇంకొకటి. రెండో తాళంచెవిని పెట్టెలో దాచకండి. ఆ పెట్టె తెరవడానికీ చాలా బండ్లకి అదే తాళంచెవి.