ఆర్డువినో లైబ్రరీ ఫోల్డర్ స్పెసిఫికేషన్‌లో మార్పు అడగాలంటే

ఆర్డువినో అనే చిన్న ప్రోగ్రామబుల్ బోర్డు కోసం నేను రాసిన లైబ్రరీకి (వేరే ప్రోగ్రాముల్లో వాడుకునే కోడ్) పరీక్షల కోడ్ రాసి, ఎస్ఆర్‌సీ (src, సోర్స్ కోడ్ ఉండే) ఫోల్డర్ లోపలే ‘టెస్ట్’ అని ఒక ఫోల్డర్ చేసి అందులో పెట్టాను. అది కంప్యూటర్లో నడవాల్సిన కోడ్, బోర్డుకి వెళ్లాల్సింది కాదు. తీరా స్కెచ్ (బోర్డు మీద నడిచే ప్రోగ్రామ్) కంపైల్ చేస్తే ఆ ఫైళ్లూ కంపైల్ అయ్యి తెర నిండా ఎర్రర్లు. ‘టెస్ట్’ అనే ఫోల్డర్‌ని వదిలేయాలని, లైబ్రరీ ఫోల్డర్ల నియమాలు చెప్పే స్పెసిఫికేషన్‌లో చేర్చమని అడుగుదామనుకున్నాను. ఎలా అడగాలో తెలుసుకునేసరికి, అడగాల్సిందే మారిపోయింది.

మొదట ఆ స్పెసిఫికేషన్‌ని మొదటి నుంచి చివరిదాకా చదవండి. ఆర్డువినో-సీఎల్ఐ (ఆర్డువినో కమాండ్-లైన్ టూల్) గిట్‌హబ్ రిపోలో, డాక్స్ ఫోల్డర్‌లో ఉన్న ఒక మార్క్‌డౌన్ ఫైలు అది. మనకు కావాల్సిన పేరా ఒక్కటే చూసుకుంటే సగమే అర్థమవుతుంది. లైబ్రరీ.ప్రాపర్టీస్ ఫైలూ (లైబ్రరీ పేరు, వెర్షన్ లాంటి వివరాలుండేది), ఎస్ఆర్‌సీ ఫోల్డరూ రెండూ ఉంటే, ఎస్ఆర్‌సీలో ఎంత లోపల ఉన్న కోడ్ అయినా కంపైల్ అవుతుంది. ఎస్ఆర్‌సీ లేకపోతే లైబ్రరీ పై ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లూ, ‘యుటిలిటీ’ ఫోల్డర్‌లోవీ మాత్రమే. ఈ రెండో పద్ధతి ఐడీఈ (కోడ్ రాసి కంపైల్ చేసే ఆర్డువినో సాఫ్ట్‌వేర్) 1.5 కంటే ముందు రాసిన లైబ్రరీల కోసం ఇప్పటికీ అలాగే ఉంచారు.

చదివాక చేసి చూడండి. రెండు మూడు ఫైళ్లతో ఒక చిన్న లైబ్రరీ చేసి, మీకు అనుమానం ఉన్న ఫైల్లో ‘హ్యాష్ ఎర్రర్’ (#error) అని ఒక్క లైన్ పెట్టండి. కంపైలర్ ఆ ఫైలు జోలికి వెళ్తే అక్కడే ఆగుతుంది, వెళ్లకపోతే బిల్డ్ సాఫీగా అయిపోతుంది. అదే చిన్న లైబ్రరీని ఇష్యూలో (రిపోలో సమస్య చెప్పుకునే పోస్టు) పెడితే మెయింటైనర్లు (రిపోని చూసుకునేవాళ్లు) తామే నడిపి చూసుకోగలరు. పేజీ నిండా వివరణ రాసినా అంత స్పష్టత రాదు.

తర్వాత పాత ఇష్యూలు వెతకండి. మూసేసినవి మరీ ముఖ్యం, ఎందుకు వద్దనుకున్నారో వాటిలోనే ఉంటుంది.

ఇక అసలు పని: మీ మార్పు వల్ల ఎవరి లైబ్రరీ పాడవుతుంది? నేను ఎక్కువ రోజులు తలపట్టుకున్నది ఇక్కడే. సెన్సర్ సెల్ఫ్-టెస్ట్ కోడ్‌ని ‘టెస్ట్’ ఫోల్డర్‌లో పెట్టుకున్న రచయిత ఒకరున్నారనుకోండి. నేను అడిగిన నియమం వస్తే ఆ కోడ్ కంపైల్ అవదు. హెడర్ దొరుకుతుంది, ఫంక్షన్ దొరకదు, చివర్లో కంపైల్ అయిన ముక్కల్ని కలిపే లింకర్ ‘అన్‌డిఫైన్డ్ రెఫరెన్స్’ అంటుంది. వాడుకునే మనిషి తన స్కెచ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు, ఐడీఈ అప్‌డేట్ చేశాడంతే. ఐడీఈలో లైబ్రరీలు ఇన్‌స్టాల్ చేసుకునే లైబ్రరీ మేనేజర్‌లో వేల లైబ్రరీలున్నాయి, అందులో చాలావాటి జోలికి వాటి రచయితలు మళ్లీ రాకపోవచ్చు. వాళ్ల తరఫున ఆలోచించాల్సింది మార్పు అడిగే మనమే.

లైబ్రరీ.ప్రాపర్టీస్‌లో కొత్త ఫీల్డ్ పెట్టి, అది రాసుకున్నవాళ్లకే నియమం వర్తించేలా అడగవచ్చు. పాతవాటికి ఇబ్బంది రాదు. కానీ పాత ఐడీఈలు ఆ ఫీల్డ్‌ని పట్టించుకోవు, అక్కడ టెస్ట్ ఫైళ్లు మునుపటిలాగే కంపైల్ అవుతాయి. ఈ సంగతి ప్రతిపాదనలో మీరే ముందుగా చెప్పండి. ప్లాట్‌ఫామ్ఐఓ అనే మరో బిల్డ్ టూల్ కూడా ఈ లైబ్రరీలను చదువుతుంది, ఆర్డువినో లింట్ అనే టూల్ ఈ నియమాలనే తనిఖీ చేస్తుంది. వాటి మీద ప్రభావం ఏమిటో కూడా రాయండి.

ఇంత తవ్వాక నాకు కనిపించింది ‘ఎక్స్‌ట్రాస్’ ఫోల్డర్. అందులో ఏం పెట్టినా బిల్డ్ పట్టించుకోదు. నా పరీక్షలను అక్కడికి మార్చాను, సమస్య తీరిపోయింది. పరీక్షల కోడ్ అక్కడ పెట్టుకోవచ్చని చెప్పే రెండు వాక్యాలకు నా ప్రతిపాదన కుదించుకున్నాను.

రాసేటప్పుడు ముందు ఇష్యూ తెరిచి చర్చ కానివ్వండి, ఆ తర్వాతే పుల్ రిక్వెస్ట్ (మార్పు చేసి, కలుపుకోమని పంపడం). ఆ రిపోలో పుల్ రిక్వెస్ట్ తెరిస్తే ఇప్పుడు ఏం జరుగుతోంది, మార్పు తర్వాత ఏం జరుగుతుంది, పాతవి ఏమైనా చెడతాయా అని ఫారమే అడుగుతుంది. ‘చెడవు’ అని రాసేముందు పాత పద్ధతి లైబ్రరీ ఒకటి, కొత్త పద్ధతిది ఒకటి కంపైల్ చేసి చూడండి. ‘ఉండాలి’, ‘ఉండవచ్చు’ అనే మాటల దగ్గర జాగ్రత్త: మొదటిది రాస్తే అది లేని లైబ్రరీలన్నీ తప్పుబడతాయి. ప్రవర్తన మారితే కోడూ డాక్యుమెంటూ ఒకే పుల్ రిక్వెస్ట్‌లో వెళ్లాలి. ఫైల్లో వేరేచోట స్పెల్లింగ్ తప్పు కనిపించినా ఇందులో కలపకండి, దానికి విడిగా ఇంకొకటి పంపండి.