నాచు గీరి తినే చేపలకూ రొయ్యలకూ ఇంటి దగ్గర దొరికే మేత

అక్వేరియంలో పెంచే చెర్రీ రొయ్యలు, ఓటోసింక్లస్, బ్రిసిల్‌నోజ్ ప్లెకో అనే చేపలు వంటివి పూటకొకసారి వేసిన గుళికలు తిని ఊరుకునే జీవులు కావు. రాళ్లమీద, కర్రమీద, ఆకులమీద పేరుకునే నాచునూ, సూక్ష్మజీవులతో కూడిన సన్నని జిగట పొరనూ అవి అదేపనిగా గీరుకుని తింటాయి. కాబట్టి ఆ పొర అక్వేరియంలో ఎప్పుడూ ఉండేలా చూడడమే అసలు పని. కూరగాయలు దాని తరువాతివే.

ఆ పొర పట్టడానికి బాదం ఆకును మించినది లేదు. విజయవాడ, గుంటూరు వీధుల్లో నీడకోసం పెంచే నాటు బాదం చెట్టు ఆకులు ఎర్రబడి రాలే రోజుల్లో ఏడాదికి సరిపడా ఏరుకుని, ఎండబెట్టి దాచుకోవచ్చు. పచ్చాకు తుంచకూడదు, తనంతట తాను రాలి, గోధుమరంగుకు తిరిగి, నలిపితే పెళపెళ విరిగే ఆకే కావాలి. దోమల మందు కొట్టిన చోటివి వదిలేయాలి. కడిగిన ఆకును వేడినీటిలో కాసేపు నానబెడితే తేలకుండా అడుగుకు దిగుతుంది. నలభై లీటర్ల నీటికి ఒక పెద్ద ఆకు చాలు. మొదట్లో రొయ్యలు దాని జోలికి అంతగా పోవు. ఆకు మెత్తబడి జిగురు పట్టాక మాత్రం గుంపుగా చేరి, ముందుకాళ్లతో చకచకా గిల్లి నోట పెట్టుకుంటాయి. కొన్ని వారాలకు ఈనెల వల మిగులుతుంది. పిల్ల రొయ్యలు దానిలోనే దాగుతాయి గనుక తీయనక్కరలేదు. ఈ ఆకు నీటి పీహెచ్ తగ్గిస్తుందని, అంటే ఆమ్లగుణం పెంచుతుందని అంటారు గానీ, కఠినత్వం (కరిగిన ఖనిజాలు) ఎక్కువగా ఉన్న బోరు నీటిలో ఆ ప్రభావం దాదాపు కనిపించదు.

నాచు కావాలంటే అక్వేరియం నుంచి తీసిన పాత నీటిని గాజు సీసాలో పోసి, గులకరాళ్లు వేసి, డాబామీద ఎండ తగిలేచోట ఉంచాలి. దోమలు గుడ్లు పెట్టకుండా మూతికి పలుచని గుడ్డ కట్టడం తప్పనిసరి. రాళ్లు పచ్చబడ్డాక ఒకటి రెండు అక్వేరియంలో వేసి, గీరేసిన వాటిని మళ్లీ సీసాలోకి మార్చుకోవచ్చు.

కూరగాయల్లో పాలకూర, బీరకాయ, కీరదోస మేలు. పాలకూరను ఒక నిమిషం ఉడికించి, చల్లార్చి, స్టీలు ముళ్ల చెంచాకు గుచ్చి దింపాలి. రాగి రొయ్యలకు విషం కనుక మేతను రాగి పాత్రలో నానబెట్టకూడదు. పురుగుమందు విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం: మిరప చేల గట్లమీది మునగాకు, జామాకు ఎంత కడిగినా నమ్మదగినవి కావు, ఎందుకంటే చేపలు తట్టుకునే మోతాదులో కూడా రొయ్యలు తెల్లారేసరికి చచ్చి పడి ఉండవచ్చు. పెరట్లో మందు కొట్టకుండా పెంచిన ఆకే వాడాలి.

ఎండాకాలంలో లెక్క మారుతుంది. మిగతా నెలల్లో రాత్రి వేసిన కూరగాయ ముక్కను ఉదయం తీస్తే సరిపోతుంది గానీ, మే నెలలో వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తగ్గడమే కాక, కుళ్లే ముక్క ఉన్నదానినీ లాగేసుకుంటుంది. అప్పుడు సాయంత్రం వేసి, పడుకునే ముందే తీసేయాలి. గాలి పంపు రాత్రంతా నడవాలి. వేసినదానిలో సగం మిగిలితే తరువాతిసారి సగమే వేయాలి.